హైదరాబాద్‌కు ఈవెంట్లు చాలు, ఒక సీజన్ కావాలి

గచ్చిబౌలిలో సినిమా పాటల లైవ్ షో ఉందంటే ఆ సాయంత్రం అటువైపు వెళ్ళాల్సినవాళ్ళు ఆఫీసు నుంచి రెండు గంటల ముందే బయల్దేరతారు. వేలకు వేలు పోసి టికెట్లు కొంటారు, నిలబడి మరీ వింటారు, గొంతు పోయేలా పాడతారు. నేనూ వెళ్ళాను, నేనూ పాడాను. మర్నాడు పొద్దున అటుగా వెళ్తే స్టేజీ విప్పి ఇనుప గొట్టాలు లారీకెక్కిస్తుంటారు. మధ్యాహ్నానికి ఖాళీ నేల. వాయించినవాళ్ళు ఎప్పుడో ఫ్లైటెక్కేసి ఉంటారు. అంత డబ్బు, అంత జనం, అంత ఇష్టం ఉండి కూడా ఊళ్ళో ఏమీ మిగలదు.

అందుకే నేను అడిగేది ఇంకో ఈవెంట్ కాదు, సీజన్. అదీ ఫిడేళ్ళు, ఊదే వాద్యాలు, డోళ్ళు కలిపి పదుల మంది ఒకేసారి వాయించే సింఫనీ ఆర్కెస్ట్రా సీజన్. అవే మొహాలు, అదే హాలు, నెలనెలా కొత్త కార్యక్రమం, ఏడాది ముందే ప్రకటించిన తేదీలు. ఈ మాట మనకు కొత్తేమీ కాదు. డిసెంబరు సీజన్ అంటే మద్రాసు అని సంగీతం వినని వాళ్ళకూ తెలుసు. 1927 కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమ్మేళనం నుంచి పుట్టిన మ్యూజిక్ అకాడమీ, దాని వెనకే వచ్చిన పదుల కొద్దీ సభలు, ఏటేటా తేదీ తప్పకుండా జరుపుకుంటూ వచ్చాయి కాబట్టే త్యాగయ్య తెలుగు కీర్తన వినడానికి మనం మద్రాసు రైలెక్కుతున్నాం. మనకు గొంతులు లేక కాదు, మనం ఆ తేదీలు పెట్టుకోలేదు.

సింఫనీ ఆర్కెస్ట్రా విషయంలో ఆ పని ముంబయి చేసింది. నారిమన్ పాయింట్ చివర ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ ద పర్ఫార్మింగ్ ఆర్ట్స్ (ఎన్‌సీపీఏ) 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను మొదలుపెట్టింది. కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాట్ బిసెంగలియెవ్ దాని సంగీత దర్శకుడు. మొదట్లో వాద్యకారులు ఎక్కువమంది బయటి దేశాలవాళ్ళే, ఇప్పటికీ చాలామంది వాళ్ళే. అయినా ఏటా రెండు సీజన్లు నడుస్తాయి, మన పిల్లలకు అక్కడే పాఠాలు చెబుతారు, 2019లో ఆ బృందం బ్రిటన్ వెళ్ళి వాయించి వచ్చింది. దేశం మొత్తానికీ అలాంటి పూర్తిస్థాయి ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా ఆ ఒక్కటే. ఇంత పెద్ద దేశానికి ఒక్కటంటే ఒక్కటి!

కొన్నేళ్ళ కిందట ఒక సీజన్‌లో ఆ హాల్లో కూర్చున్నాను. ముందుగా ఓబో అనే ఊదే వాద్యం ఒకే స్వరం పట్టుకుంది, దానికి అందరూ శృతి చేసుకున్నారు, మనవాళ్ళు తంబూరాకి చేసుకున్నట్టే. చెక్ స్వరకర్త ద్వోరాక్ తొమ్మిదో సింఫనీ మొదలైంది, ఆర్కెస్ట్రా కోసం రాసిన నాలుగు భాగాల పెద్ద రచన అది. నా సీటు పక్కకి ఉండటంతో చేతులూపుతూ బృందాన్ని నడిపించే కండక్టర్ సరిగ్గా కనబడలేదు గానీ రెండో వరుసలో నొటేషన్ కాగితాలు పెట్టుకునే ఒక స్టాండు బాగా కనబడింది. ఫిడేళ్ళవాళ్ళు ఇద్దరికి ఒక స్టాండు చొప్పున కూర్చుంటారు. పేజీ అయిపోయే సమయానికి లోపలివైపు కూర్చున్న అమ్మాయి కమాను చేతిలోనే ఉంచుకుని, వాయించడం ఆపేసి, ముందుకు వంగి చప్పుడు కాకుండా పేజీ తిప్పింది. అంతసేపూ బయటివైపు పెద్దాయన ఒక్క స్వరం తప్పకుండా వాయిస్తూనే ఉన్నాడు. పేజీ తిరగ్గానే ఆ అమ్మాయి ఆయన ఉన్న చోటే అందుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అసలు ఎవరూ చూడలేదు. ఆ రాత్రంతా ఎన్నిసార్లో అలా ఆగింది, వంగింది, మళ్ళీ అందుకుంది. ఎన్నో ఏళ్ళుగా కచేరీలు వింటున్నాను, ఇంత చిన్న విషయం దగ్గర నా గుండె ఇంతగా ఆగడం అదే మొదటిసారి.

సీజన్ అంటే నిజానికి జీతం. ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు. 1761లో ఆస్ట్రియా స్వరకర్త హేడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరాడు, దాదాపు ముప్పయ్యేళ్ళు అక్కడే ఉన్నాడు. చేతికింద ఉన్నది అటూ ఇటూగా ఇరవై మంది. కానీ వాళ్ళు రోజూ ఉన్నారు! రాసింది మర్నాడే వాయించి వినొచ్చు, నచ్చకపోతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఆయన రాసిన వందకు పైగా సింఫనీల్లో ఎక్కువ భాగం అలా పుట్టినవే. 1772లో ప్రభువు పల్లె భవనం వదిలి కదలకపోతే, ఇళ్ళ మీద బెంగ పెట్టుకున్న వాద్యకారుల కోసం హేడన్ ఒక సింఫనీ రాశాడు. చివరి భాగంలో ఒక్కొక్కరే తమ వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పి, లేచి వెళ్ళిపోతారు, ఆఖరికి రెండు ఫిడేళ్ళు మాత్రం మిగులుతాయి. ప్రభువుకు విషయం అర్థమై మర్నాడే ప్రయాణం కట్టించాడట. సెలవు అర్జీని సంగీతంగా రాయగలిగేంత దగ్గరితనం రోజూ కలిసి పనిచేసేవాళ్ళ మధ్యే వస్తుంది. మన దగ్గరా ఇదే జరిగింది. విజయనగరం సంస్థానం 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షుడిగా, ద్వారం వెంకటస్వామినాయుడును ఫిడేలు ఆచార్యుడిగా కూర్చోబెట్టింది. తెలుగు ఫిడేలుకు దేశంలో పేరొచ్చిందంటే ఆ ఉద్యోగం పాత్ర అందులో చిన్నదేమీ కాదు.

మరి ఇప్పుడు? 2025 మార్చి 8న ఇళయరాజా సింఫనీ లండన్‌లో మోగింది. మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం, గర్వపడ్డాం, పడాల్సిందే. కానీ పణ్ణైపురం అనే పల్లెలో పుట్టినాయన సింఫనీ రాస్తే దాన్ని మొదట వాయించడానికి లండన్ వాద్యకారులు కావాల్సి వచ్చింది, ఆ విషయం నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. అంతెందుకు, మన పెద్ద సినిమాల నేపథ్య సంగీతం కోసం బుడాపెస్ట్‌లో, మాసిడోనియాలో ఆర్కెస్ట్రాలను గంటల లెక్కన మాట్లాడుకుంటున్నారు. డబ్బు లేక కాదన్నమాట. ఆ డబ్బుతో అక్కడి వాద్యకారులు ఇళ్ళు గడుపుకుంటున్నారు, అక్కడి పిల్లలు ఫిడేలు నేర్చుకుంటే ఉద్యోగం ఉంటుందన్న ధీమాతో పెరుగుతున్నారు.

ఇది మన సంగీతం కాదు, నలుగురు డబ్బున్నవాళ్ళ సరదా, ఇక్కడ ఒగ్గుకథ కళాకారుడికే దిక్కు లేదు అనేవాళ్ళున్నారు. ఒగ్గుకథ గురించి వాళ్ళ బాధ నిజమే, ఆ కళాకారులకూ నెల జీతం ఉండాలనే నేనూ అంటాను. కానీ మనది కాదన్న మాట మాత్రం నిలబడదు. ఫిడేలు యూరప్ నుంచి వచ్చిందే. రెండు వందల ఏళ్ళ కిందట మద్రాసులో తెల్లవాళ్ళ దగ్గర బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు కోట బ్యాండ్ల వరుసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు, నొట్టుస్వరాలని ఇప్పటికీ పిల్లలకు నేర్పుతున్నాం. ఇవాళ ఫిడేలు లేని కచేరీని ఊహించగలరా?

ఇక అసలు విషయం, హైదరాబాద్ సీజన్‌లో ఏం వాయించాలి. బీథోవెన్ ఉండాలి, మొజార్ట్ ఉండాలి, వాటి గురించి ఎవరితోనూ రాజీ పడను. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ద్వోరాక్ కథ. బొహీమియాలో కసాయి కొడుకుగా పుట్టిన ఆయన్ని 1892లో న్యూయార్క్ సంగీత విద్యాలయానికి డైరెక్టర్‌గా పిలిపించుకున్నారు. యూరప్ పద్ధతిలో రాయడం నేర్పుతాడనుకుంటే, మీ సంగీతానికి పునాది మీ నల్లజాతివాళ్ళ పాటల్లో ఉంది, అటు చూడండి అన్నాడు. అక్కడే చదువుకుంటున్న హ్యారీ బర్లీ అనే నల్లజాతి కుర్రాడితో ఆ పాటలు పాడించుకుని విన్నాడు. 1893 డిసెంబరులో కార్నెగీ హాల్లో ఆ తొమ్మిదో సింఫనీ మోగింది. రెండో భాగంలో ఇంగ్లిష్ హారన్ పాడే ఆ వరుస ఎంత సొంతంగా అనిపించిందంటే, తర్వాత దానికి మాటలు కట్టి పాడుకుంటే అది పాత జానపద గీతమేనని జనం నమ్మేశారు.

ఇప్పుడు ఆయన మన ఊరొచ్చాడనుకోండి. బార్కస్‌లో మర్ఫా వింటాడు, యెమెన్ నుంచీ ఆఫ్రికా నుంచీ వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళు తెచ్చిన దరువు అది. బోనాల రోజు లాల్ దర్వాజా సందులో పోతరాజు ముందు తీన్మార్ వింటాడు. ఒగ్గు డోలు వింటాడు, మొహర్రం రోజు నౌహాలనే శోకగీతాలు వింటాడు. చాలా ఊళ్ళకు ఇందులో సగం కూడా లేదు. తీన్మార్‌ని స్పీకర్లలో పెట్టి గంతులేయడం తెలుసు మనకు. అదే దరువును ఎనిమిది బాస్ ఫిడేళ్ళు వేళ్ళతో మీటుతుంటే, దాని మీద నాలుగు హారన్ బూరలు లేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి! అయ్యేపని కాదనడానికి లేదు. 2015లో జాకిర్ హుస్సేన్ తబలాకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కన్చెర్టో ముంబయిలో మోగింది, రాయించుకుంది ఆ ఆర్కెస్ట్రాయే. రాయించుకోవడానికి ఒక ఆర్కెస్ట్రా ఉంది కాబట్టి ఆ రచన పుట్టింది. మన దగ్గర రాయగలిగిన కుర్రాళ్ళు లాప్‌టాప్‌లో ఉత్తుత్తి ఫిడేళ్ళు పెట్టుకుని రాసుకుంటున్నారు.

జనం రారు అంటారా? ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక టెన్షన్ పడి రానివాళ్ళు నాకు తెలుసు. ఆ భయం అనవసరం. 1778లో పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగా మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ నాన్నకు సంబరంగా రాశాడు. భేష్ అనడం, తల ఊపడం, తొడ మీద తాళం వేయడం తెలిసిన మనం అంతకంటే మంచి శ్రోతలమే అవుతాం.

అసలు అడ్డంకి వేరే చోట ఉంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా హోర్డింగులు చూడండి, ఒక్క పెద్ద మొహం, దాని కింద ఒక నంబరు. మన పిల్లలకు మనం నేర్పేది అదే, ఒంటరిగా ముందుకురకడం. సంగీతంలోనూ ఇదే జబ్బు. నగరంలో వెస్టర్న్ వయొలిన్ నేర్చుకునే పిల్లలు చాలామందే ఉన్నారు, లండన్ పరీక్షలు కూడా రాస్తారు, ఒకటి నుంచి ఎనిమిది వరకు గ్రేడ్లు. ఒక పిల్లవాడు ఎనిమిదో గ్రేడ్ దాకా వెళ్ళి సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవచ్చు, అప్పటిదాకా పక్కన ఇంకో ఫిడేలు పెట్టుకుని ఒక్కరోజు కూడా వాయించకుండా. చాలామంది అంతదాకా కూడా రారు, ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలవగానే పెట్టె బీరువా మీదకెక్కుతుంది. ఆ పేజీ తిప్పిన అమ్మాయి చేసిన పనికి ఏ గ్రేడూ లేదు, ఏ ర్యాంకూ లేదు. పక్కవాడు వాయిస్తుండగా తాను ఆగడం, ఆగినందుకు చిన్నబుచ్చుకోకపోవడం, మళ్ళీ సరిగ్గా అదే చోట కలవడం మన కోచింగ్ సెంటర్లో ఏ సబ్జెక్టు కింద చెబుతారు? తర్వాత ఆఫీసుల్లో టీమ్‌వర్క్ శిక్షణ అని రెండు రోజులు రిసార్టుకి తీసుకెళ్తారు. పన్నెండేళ్ళ వయసులో ఒక స్టాండు ముందు ఇద్దరిని కూర్చోబెడితే సరిపోయేది.

మల్కాజిగిరిలో ఒక మాస్టారు ఉన్నారు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో ఫిడేళ్ళ వరుసలో వాయించి, పరిశ్రమతో పాటు ఇటు వచ్చారు. కీబోర్డులు వచ్చాక కాల్‌షీట్లు తగ్గి, తర్వాత ఆగిపోయి, ఇప్పుడు మేడ మీద గదిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. మొన్న వెళ్ళినప్పుడు పాత ఫైలు తీసి చూపించారు. పసుపురంగు తిరిగిన నొటేషన్ కాగితాలు, స్వరాల పైన పెన్సిల్‌తో గుర్తులు. గుమ్మంలా ఉన్న గుర్తుకు కమాను కిందికి లాగాలి, కోసుగా ఉన్న గుర్తుకు పైకి తోయాలి. "ఇరవై కమానులు ఒకేసారి ఒకేవైపు వెళ్ళాలి బాబూ. ఒక్కటి ఎదురెళ్ళినా కంటికి కనబడేది, చెవికీ తెలిసిపోయేది," అన్నారు. ఆ గుర్తులు ఆయన చెరపలేదు. రబ్బరు పక్కనే ఉంది, పిల్లల పుస్తకాలకు వాడతారు.

ఆయన దగ్గరే కాదు, ఈ ఊళ్ళో మనుషులు ఇంకా ఉన్నారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో మిలిటరీ బ్యాండ్లలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఉన్నారు. క్రిస్మస్‌కి నాలుగు గొంతుల్లో పాడే చర్చి కాయిర్లు ఉన్నాయి. పెళ్ళి బ్యాండులో నొటేషన్ రాకుండానే క్లారినెట్ మీద గమకాలు పలికించే కుర్రాడున్నాడు, వాడికి నొటేషన్ నేర్పడానికి ఒక ఏడాది చాలు. వంద మందితో మొదలుపెట్టమని నేనడగడం లేదు. ముప్పై అయిదు మంది, నెల జీతం, అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకో శనివారం, రెండు వందల రూపాయల టికెట్టు, మైకు అక్కర్లేకుండా చివరి వరుసకు వినబడే ఒక మోస్తరు హాలు. ప్రతి కార్యక్రమంలో ఒక పాత రచన, ఒకటి ఇక్కడివాళ్ళతో రాయించుకున్న కొత్త రచన. పొద్దున రిహార్సల్‌కు సర్కారు బడి పిల్లలను ఉచితంగా కూర్చోబెట్టాలి. పెద్ద కంపెనీలు చట్టప్రకారం సామాజిక బాధ్యత కింద లాభాల్లోంచి పెట్టాల్సిన 2 శాతం ఉంది, ఆ జాబితాలో కళా సంస్కృతుల మాట కూడా ఉంది. హైటెక్ సిటీలో ఉన్నన్ని ఆఫీసులున్న ఊళ్ళో ముప్పై అయిదు జీతాలు దొరకవంటే నేను నమ్మను.

ఇదంతా మాస్టారికి చెప్పి, మొదలైతే ఏ కుర్చీలో కూర్చుంటారు, మొదటి వరుసేనా అని అడిగాను. మెట్ల మీద పిల్లల చెప్పుల చప్పుడు వినబడుతోంది, ఆయన కాగితాలు సర్ది ఫైలు కట్టేస్తున్నారు.

"ముందు వరుస కుర్రాళ్ళకివ్వండి. నాకు వెనకాల లోపలి కుర్చీ చాలు, పేజీలు తిప్పుతాను. కళ్ళజోడు ఒక్కటి మార్పించుకోవాలి," అన్నారు.