జీపీఎస్ లేనంత మాత్రాన జాడ చెరిగిపోదు

"మా సెన్సర్లలో కెమెరా లేదు, జీపీఎస్ లేదు. టోపాలజీ అనే గణితశాఖ దూరాలను, కోణాలను వదిలేసి దారి తీరును మాత్రమే చూస్తుంది. కాబట్టి మనిషి గోప్యతకు ముప్పే లేదు." స్మార్ట్ భవనాల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఈ మాట తిరుగుతోంది. మొదటి రెండు ముక్కలూ చాలాసార్లు నిజమే. వాటినుంచి తీసిన ముగింపే తప్పు.

"కెమెరా లేకపోతే ఎటు వెళ్లాడో తెలియదు" అంటారు. తెలుస్తుంది. ఒక హాల్లో రెండు స్తంభాలున్నాయి. ఒక్కో స్తంభం నుంచి ముందు గోడకు, ఎవరైనా దాటితే నమోదు చేసే ఒక్కో సెన్సర్ కిరణం వేశారు: క, గ. దాటిన దిశను కూడా అవి చెబుతాయి. ఒకడు ఎడమ ద్వారంలో వచ్చి కుడి ద్వారంలో బయటపడ్డాడు. "కగ" అని నమోదైతే రెండు స్తంభాలకూ ముందు నుంచి వెళ్లాడు. "క" ఒక్కటే ఉంటే మొదటిదాని ముందు నుంచి, రెండోదాని వెనక నుంచి. ఏదీ లేకపోతే రెండింటి వెనక నుంచి. క దాటి వెంటనే వెనక్కి వస్తే ఆ రెండూ కొట్టివేతకు పోతాయి. రోబోటిక్స్ పరిశోధకుడు స్టీవెన్ లావాల్ బృందం 2008లో వివరించిన పద్ధతి సారం ఇదే. కొలత ఒక్కటీ లేదు, దారి మాత్రం తెలిసిపోయింది.

"దారి తీరు తెలిస్తే ఏమైంది, మనిషి తెలియడుగా?" ఇదే అసలు చిక్కు. 2016 చివర్లో లండన్ నగర రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ 54 భూగర్భ స్టేషన్లలో నాలుగు వారాలు ఫోన్ల వైఫై సంకేతాలను, గుర్తింపు సంఖ్యలు మార్చేసి, సేకరించింది. టికెట్‌లో ఎక్కిన చోటు, దిగిన చోటు మాత్రమే ఉంటాయి. వైఫై వల్ల కింగ్స్ క్రాస్, వాటర్లూ మధ్య జనం కనీసం 18 రకాల దారులు వాడుతున్నారని తేలింది. రద్దీ తగ్గించడానికి ఎంతో పనికొచ్చే సమాచారమది, కాదనను. కానీ ఒకే ఫోన్ సంకేతాలను వరుసగా గుచ్చితేనే అది దొరుకుతుంది. ఆసుపత్రిలో రాత్రి షిఫ్టులో మందుల స్టోర్ మీదుగా వెళ్లే నర్సు ఒక్కరే ఉంటే, ఆ వరుసే ఆమె పేరు.

"వివరాలను మొద్దుగా, అంటే స్థూలంగా ఉంచితే చాలు" అనే సమాధానమూ నిలవదు. 15 లక్షల మంది 15 నెలల ఫోన్ రికార్డులపై 2013లో పరిశోధకుడు డి మోంజోయ్ బృందం చేసిన అధ్యయనంలో, ఏ గంటలో ఏ టవర్ పరిధిలో ఉన్నారన్న నాలుగు ముక్కలతోనే 95 శాతం మంది జాడలు మిగతావాటి నుంచి విడిపోయాయి. వివరాన్ని ఇంకా మొద్దు చేసినా ఆ ప్రత్యేకత చాలా నెమ్మదిగానే తగ్గింది.

ఇంతకీ దోషం టోపాలజీది కాదు. నాకు ఎంతో ఇష్టమైన ఫలితం ఒకటుంది: ఎవరినీ గుర్తుపట్టకుండా తలలు లెక్కపెట్టడం. గణితవేత్తలు బారిష్నికోవ్, గ్రిస్ట్ 2009లో ఆయిలర్ సంఖ్యతో (ఆకారంలోని ముక్కలను, రంధ్రాలను లెక్కలోకి తీసుకునే టోపాలజీ అంకెతో) దీన్ని చూపారు. వసారాలో ఆరు సెన్సర్లు వరుసగా, తగినంత దగ్గరగా ఉన్నాయి. తన పరిధిలో ఎంతమంది ఉన్నారో మాత్రమే ఒక్కోటి చెబుతుంది: 1, 1, 2, 1, 0, 1. ఒకే మనిషి పక్కపక్క సెన్సర్లకు కనబడతాడు గనక నేరుగా కూడితే వచ్చే 6 తప్పు. కొత్త మనిషి కనబడడం మొదలైన చోటే అంకె పెరుగుతుంది గనక, సున్నాతో మొదలుపెట్టి, అంకె పెరిగిన చోట్ల పెరుగుదలను మాత్రమే కూడండి: 1, 1, 1. ముగ్గురు.

ఇలా ఆ క్షణపు అంకెలతో లెక్క తేల్చి, వాటిని అక్కడికక్కడే చెరిపేసే వ్యవస్థను గోప్యమైనదంటే ఒప్పుకుంటాను. ఒక్కో ఫోన్ వరుసను నెలల తరబడి దాచుకునేవాళ్లు ఆ పేరు చెప్పుకోకూడదు.