నదికి క్రమశిక్షణ నేర్పిన వైనం

నది మీద మొదటి ఫిర్యాదు: అది తిన్నగా నడవదు. వంకలు తిరుగుతుంది, కనిపించిన ప్రతి పల్లంలోనూ ఆగుతుంది, ఒండ్రు దించుతుంది, చేపలకూ కొంగలకూ ఉచిత వసతి కల్పిస్తుంది. అంత నేల ఎవరి పేరా రిజిస్టర్ కాకుండా పడి ఉంటే నాగరిక సమాజం ఎలా ఊరుకుంటుంది?

అందుకే అమెరికా ఇంజనీర్లు ఫ్లోరిడాలోని కిసిమ్మీ నదికి పాఠం చెప్పారు. 1962 నుంచి 1971 వరకు శ్రమపడి, 166 కిలోమీటర్ల వంకర నదిని 90 కిలోమీటర్ల తిన్నని కాలువ చేశారు. వరద అదుపులోకొచ్చింది. తడినేలలు కూడా బుద్ధిగా ఎండిపోయాయి. చలికాలం గడపడానికి వచ్చే నీటి పక్షుల్లో 90 శాతానికి పైగా రావడం మానేశాయి (వాటి అభిప్రాయం ఎవరూ అడగలేదు లెండి). 1999లో అదే కాలువను కొంత మేర పూడ్చి, పాత వంకరలు తిరిగి తెప్పించే పని మొదలైంది. అది 2021 దాకా సాగింది, దాదాపు వంద కోట్ల డాలర్లు పట్టింది. వంకర తీసినందుకు ఒక బిల్లు, పెట్టినందుకు ఇంకో బిల్లు. ఏ పాలకుడు మాత్రం వద్దంటాడు?

రెండో ఫిర్యాదు, బురద మోయడం. 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యామ్ నైలు నదికి ఆ అలవాటు మాన్పించింది. ఒండ్రు డ్యామ్ వెనకే ఆగిపోయింది. దిగువ రైతు ఎరువు బస్తాలు కొనుక్కున్నాడు. ఒండ్రు అందని డెల్టా తీరాన్ని సముద్రం కోసుకుపోతోంది. అయినా నష్టమేముంది? ఊరికే వచ్చే ఒండ్రు జీడీపీలో చేరదు, కొన్న బస్తా చేరుతుంది.

ఇక నిలకడలేనితనం. పరీవాహక ప్రాంతమంతా మనం తారు, సిమెంటు పరిచి శుభ్రంగా ఉంచాం. వాన నేలలోకి ఇంకే శ్రమ లేకుండా గంటల్లో నదిలో పడుతోంది. ఆ నది వానాకాలం పొంగుతుంది, భూగర్భజలం అందక ఎండాకాలం ఎండుతుంది. మనిషైతే ఈపాటికి కౌన్సెలింగ్‌కి పంపేవాళ్లం.

అన్నిటికంటే టెన్షన్ పెట్టే కేసు మిసిసిపీది. ఎగువన మొక్కజొన్న రైతు తన పొలానికే ఎరువు వేశాడు. మిగిలిన నత్రజని వానతో నదిలోకి, నదితో మెక్సికో సింధుశాఖలోకి చేరింది. అక్కడ నాచు విరగబెరిగి, చచ్చి, కుళ్లి ప్రాణవాయువును తినేస్తుంది. ఏటా వేసవిలో అడుగున చేపలూ రొయ్యలూ బతకలేని జోన్ తయారవుతుంది. రైతు సముద్రం ముఖం చూసి ఉండడు, రొయ్యలు పట్టేవాడికి ఆ పొలం ఎక్కడుందో తెలియదు. విచారణాధికారికి ఇద్దరూ నిర్దోషులుగానే కనిపిస్తారు. చేతికి దొరికిన ముద్దాయి నది ఒక్కటే, దానికి వకీలు కూడా లేడు.