భూగర్భ సర్వేయరు కావలెను

మా నిమ్మతోటకూ మా బాబాయి తోటకూ మధ్య ఒక గట్టు ఉంది. మా నెల్లూరు జిల్లా పొదలకూరు పక్క గట్లన్నిటిలాగే అదీ ఏటా జానెడు నడుస్తుంది. ఎటు నడుస్తుందన్నది ఆ ఏడు ముందుగా ట్రాక్టరు దింపినవాడి దయ. మూడుసార్లు సర్వేయరును పిలిపించాం. ఆయన గొలుసు లాగించి, రాయి పాతించి, మజ్జిగ తాగి వెళ్లారు. రాయి లోతు రెండడుగులు. దాని కింద గట్టు ఎంతవరకు ఉందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాకు ఆ సందేహం మొన్న ఎండాకాలంలో వచ్చింది. బాబాయి గట్టుకు ఆరడుగుల ఎడంలో ఆరువందల అడుగుల బోరు వేయించాడు. పదో రోజుకు మా బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. అడిగితే, “నా నేలలో నేను వేసుకున్నానురా అబ్బాయీ” అన్నాడు. పైన ఆయన నేలే, కాదనను. కింద నీళ్లు ఎవరి ఖాతాలోవి? బోర్ల సంగతి చూడటానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. చూసేవాళ్లు మా తోట దాకా రావలసి ఉంది.

దేశాలు ఇంత అజాగ్రత్తగా లేవు. సరిహద్దు అంటే నేల మీది గీత మాత్రమే కాదు, అది నిట్టనిలువుగా భూమి కేంద్రం దాకా దిగుతుందని వాటి లెక్క. రుమైలా చమురు క్షేత్రంలో కువైట్ ఏటవాలు బావులు తవ్వి తన చమురు తోడేస్తోందని 1990లో ఇరాక్ ఆరోపించింది. ఆగస్టులో సైన్యాన్నే దింపింది. మా బాబాయి బోరు ఏటవాలుగా ఉందని నేను అనడం లేదు. లేదని కూడా అనడం లేదు.

పెద్దమనుషుల పద్ధతీ ఒకటుంది. ఆస్ట్రియాలో హాలైన్ దగ్గర డ్యూర్న్‌బర్గ్ అనే ఉప్పు గని సొరంగాలు సరిహద్దు దాటి జర్మనీలోని బవేరియా కిందికి పోతాయి. 1829లో ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు: మా నేల కింద ఉప్పు మీరు తవ్వుకోండి, మీ అడవుల్లో కలప మేం కొట్టుకుంటాం. ఇప్పుడు ఆ గనిలో తవ్వకం లేదు, పర్యాటకులు తెల్ల బట్టలు తొడుక్కుని భూమి లోపలే ఒక దేశం నుంచి మరో దేశానికి నడిచి వెళ్లి వస్తారు. నేనూ బాబాయి ముందు అదే పెట్టాను. నా నీళ్లు నువ్వు తోడుకో, నీ వేపచెట్టు నేను కొట్టుకుంటాను. పిన్ని ఒప్పుకోలేదు.

బ్రిటన్, ఫ్రాన్స్ చెరోవైపు నుంచి సముద్రం కింద సొరంగం తవ్వుకుంటూ వచ్చి 1990 డిసెంబరు 1న కలుసుకున్నాయి. రెండు తవ్వకాల మధ్య తేడా మూరెడు కూడా లేదు. మా గట్టు దగ్గర పట్టపగలు, ముగ్గురు సాక్షుల ఎదుట, రెండు గజాలు తేడా వస్తుంది.

పైన గీతలు మార్చడంలో మాత్రం మనకు సాటి లేరు. కందుకూరు 1970లో నెల్లూరును వదిలి కొత్త జిల్లాలో చేరింది, 2022లో తిరిగి నెల్లూరుకు వచ్చింది. అదే ఏడు గూడూరు తిరుపతి జిల్లాకు వెళ్లింది, పక్కనున్న సైదాపురం నెల్లూరులోనే ఉండిపోయింది. ఆ రెండూ పేరుమోసిన అభ్రకపు సీమలు. రాతి పొరల్లో పడుకున్న అభ్రకానికి గెజిట్ కాపీ ఎవరు అందించారో రెవెన్యూ వారు చెప్పాలి. రాపూరు దగ్గర వెలికొండ కింద ఆరున్నర కిలోమీటర్లకు పైగా రైలు సొరంగం ఉంది. ఆ చీకట్లో మన జిల్లా ఎక్కడ మొదలవుతుందో రైలుకు తెలియదు. డ్రైవరుకు తెలిసినా హారన్ కొట్టడు.

కాబట్టి మండలానికొక భూగర్భ సర్వేయరును నియమించాలని అర్జీ రాశాను. తోడుగా ఒక లెక్క జతచేశాను. గట్లన్నీ భూమి కేంద్రం వైపే దిగుతాయి కనుక ప్రతి పొలమూ కిందికి పోయేకొద్దీ గరాటులా సన్నబడుతుంది. సగం దూరం, అంటే సుమారు 3,200 కిలోమీటర్లు దిగేసరికి ఎకరం కాస్తా పాతిక సెంట్లవుతుంది. కేంద్రం దగ్గర నాకూ బాబాయికీ అమెరికాకూ కలిపి ఒక్కటే చుక్క.

అర్జీ మీద సాక్షి సంతకం కోసం బాబాయికే చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలాసేపు గట్టు వైపు చూశాడు.

“మిగతా డెబ్బయ్యైదు సెంట్లూ ఎవరు కలుపుకున్నార్రా?” అన్నాడు.