గ్యారేజీలో మిగిలిన మందు డిస్పెన్సరీకి ఇవ్వొచ్చా?

కాలిఫోర్నియాలో రోగి తన మందు కోసం ఇంట్లో గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. లైసెన్సున్న డిస్పెన్సరీ, అంటే గంజాయి మందు అమ్మే దుకాణం, రోగులకు అమ్మవచ్చు. రోగి దగ్గర మిగిలిన సరుకు డిస్పెన్సరీకి చేరే దారి మాత్రం 1996 నుంచీ చిక్కుముడిగానే ఉంది. దాని మీద అక్కడి ఒక తెలుగింట్లో జరిగినట్టుగా అల్లిన వాదన ఇది. గ్రీన్‌కార్డు మీద ఉన్న బాబాయి, కీమోతో వాంతులు పడలేక నీరసించిన పిన్ని కోసం డాక్టరు సిఫారసు మీద ఆరు మొక్కలు పెంచాడు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, అక్కడే లాయరు. వాదనలో ఆమెది పైచేయి అయినా, న్యాయం బాబాయి వైపే ఉందని నా నమ్మకం.

బాబాయి: పిన్ని ఇప్పుడు రెండు పూటలా తింటోందమ్మా. గ్యారేజీలో ఆరు సీసాల నిండా ఎండిన మొగ్గలు మిగిలాయి. డిస్పెన్సరీలో రేటు విని, పర్సు మూసుకుని వెళ్లిపోయే పెద్దవాళ్లను చూస్తున్నాను. నాకు ఒక్క డాలరు వద్దు, ఊరికే ఇచ్చేస్తాను. ఎవరికేం నష్టం?

అమ్మాయి: నష్టం వాళ్లకీ నీకీ కూడా. లైసెన్సు లేని మనిషి దగ్గర డిస్పెన్సరీ గ్రాము కూడా తీసుకోకూడదు. లైసెన్సు తోటలో ప్రతి మొక్కకూ నంబరు ట్యాగు ఉంటుంది. అది ఎక్కడ కోశారో, ఏ ల్యాబులో పరీక్ష చేశారో, ఏ షాపుకి వెళ్లిందో మొత్తం రాష్ట్రం కంప్యూటర్లోకి ఎక్కాలి. నీ సీసాలకు ఆ పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడివి?

బాబాయి: ఈ ట్యాగులన్నీ నిన్నమొన్నటివి. 1996లో జనం ఓటేసి, రోగులకు గంజాయి వాడుకోనిచ్చే ప్రతిపాదన 215 తెచ్చుకున్నారు. 2004లో అమల్లోకి వచ్చిన చట్టం రోగులందరూ కలిసి పెంచుకోవచ్చంది. 2008లో రాష్ట్ర అటార్నీ జనరల్ మార్గదర్శకాలిచ్చారు. సభ్యుడు పండించింది రోగుల సంఘానికివ్వొచ్చు, సంఘం సభ్యులకివ్వొచ్చు, ఖర్చుల మేరకు డబ్బు తీసుకోవచ్చు అన్నారు. నేను చేస్తానంటున్నది అదే కదా!

అమ్మాయి: అదే. కానీ ఆ రోజుల్లో కూడా సంఘం అంటే ఏమిటో ఎవరూ సూటిగా చెప్పలేదు. సంతకం పెడితే సభ్యుడైపోతాడా, మడిలోకి దిగి పని కూడా చేయాలా? ఖర్చు ఎక్కడ ఆగుతుంది, లాభం ఎక్కడ మొదలవుతుంది? ఒక జిల్లా ప్రాసిక్యూటరు ఒకలా అంటే పక్క జిల్లా ఆయన ఇంకోలా అనేవాడు. రోగికి మందు సరఫరా చేసినంత మాత్రాన, రోగి తరఫున పెంచే హక్కున్న సంరక్షకుడివి కావని 2008లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు మెంచ్ కేసులో చెప్పేసింది.

బాబాయి: కోల్విన్ కేసు చెప్పవేం? లాస్ ఏంజెలెస్‌లో ఒక షాపు నుంచి ఇంకో షాపుకి పౌనుకు పైగా సరుకు తీసుకెళ్తుంటే పట్టుకున్నారు. సభ్యులందరూ సాగులో పాలుపంచుకోనక్కర్లేదని, సరుకు మోయడానికీ చట్టం రక్ష ఉందని 2012లో అప్పీలు కోర్టు తేల్చింది. గెలిచాడు!

అమ్మాయి: గెలిచాడు, అరెస్టై, కింది కోర్టులో దోషిగా తేలి, అప్పీలు దాకా వెళ్లాక గెలిచాడు. 215 ఇచ్చింది కోర్టులో చెప్పుకునే సమాధానం మాత్రమే. పోలీసు నీ చేతికి బేడీ వేయకుండా అది ఆపదు. లాయరు ఫీజు కట్టే స్తోమత ఉన్నవాడు చివరిదాకా నిలబడతాడు. లేనివాడు మధ్యలోనే నేరం ఒప్పేసుకుంటాడు.

బాబాయి: నా బాధ కూడా అదే! మెండొసీనో కౌంటీలో షరీఫే అనుమతిచ్చి, మొక్క మొదట్లో నంబరున్న జిప్ టై కట్టించాడు. అలా 99 మొక్కల దాకా పెంచుకోనిచ్చారు. 100కి చేరితే ఫెడరల్ చట్టంలో, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టంలో, కనీసం 5 ఏళ్ల జైలు, అందుకని 99. ఫీజు కట్టి, తనిఖీకి గేటు తీసిన ఒక తోట మీదికి 2011 అక్టోబరులో ఫెడరల్ ఏజెంట్లు వచ్చి మొక్కలన్నీ నరికేశారు. దొంగతనంగా కొండల్లో పెంచినవాడు హాయిగా ఉన్నాడు, లెక్క చూపినవాడు నష్టపోయాడు. ఏం న్యాయమమ్మా ఇది?

అమ్మాయి: అన్యాయమే. అందుకే నిన్ను వద్దంటున్నాను. రాష్ట్రం ఇచ్చిన కాగితం ఫెడరల్ ఏజెంటు ముందు చెల్లదు. 2002లో కాలిఫోర్నియాలో ఒక రోగి ఇంట్లో ఎన్ని మొక్కలు పీకేశారో తెలుసా? ఆరు. నీకున్నన్నే. అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు, తన వెన్నునొప్పికే వాడుకుంది. అయినా 2005లో రైచ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో అది కూడా ఫెడరల్ నిషేధం కిందికే వస్తుందంది.

బాబాయి: పాత కథ. 2014 నుంచి మెడికల్ గంజాయి రాష్ట్రాల మీద న్యాయశాఖ డబ్బు ఖర్చుపెట్టకూడదని కాంగ్రెసు బడ్జెట్లో రాస్తోంది. 2016లో మెకింతోష్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టూ సమర్థించింది.

అమ్మాయి: తీర్పు మొత్తం చదువు బాబాయ్. రాష్ట్ర చట్టాన్ని అక్షరాలా పాటించినవాళ్లకే ఆ రక్షణ అన్నారు. ఆ బడ్జెట్ వాక్యం మళ్లీ మళ్లీ పొడిగించాలి. ఒకసారి తీసేస్తే, అంతకుముందు చేసినదానికీ కేసు పెట్టొచ్చని కోర్టే హెచ్చరించింది. పాత సంఘాల రక్షణ 2019 జనవరి 9తో ముగిసింది. కాబట్టి నీ సీసా డిస్పెన్సరీ గుమ్మం దాటగానే నువ్వు రాష్ట్ర చట్టం కూడా దాటినట్టే. పైగా ఆ బడ్జెట్ వాక్యం కట్టేసింది న్యాయశాఖ చేతులు. పౌరసత్వం చూసేది హోమ్‌లాండ్ సెక్యూరిటీ అనే వేరే శాఖ.

బాబాయి: పౌరసత్వానికీ దీనికీ ఏం సంబంధం?

అమ్మాయి: చాలా ఉంది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయితో సంబంధం ఉంటే పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన లేదనవచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ రాసిపెట్టింది. శిక్ష పడక్కర్లేదు, నోటితో ఒప్పుకున్నా చాలు. ఇండియా నుంచి తిరిగొస్తుంటే ఎయిర్‌పోర్టులో ఫోను తెరిపిస్తారు, అందులో ఈ సీసాల ఫొటో ఉంటుంది. నిజానికి మొక్కలు నాటే ముందే నువ్వు నన్నడగాల్సింది.

(బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఫోను తీసి చూసుకున్నాడు.)

బాబాయి: నా సంగతి పక్కన పెట్టు. పిన్ని పౌరురాలు, ఆమె ఇస్తుందనుకో. పేద రోగులకు ఉచితంగా ఇవ్వొచ్చని 2019లో చట్టం చేశారుగా?

అమ్మాయి: చేశారు, లైసెన్సున్నవాళ్ల కోసం. పిన్ని కావాలంటే 21 ఏళ్లు దాటిన మనిషికి 28.5 గ్రాముల దాకా డబ్బు తీసుకోకుండా ఇవ్వొచ్చు, అదీ రాష్ట్ర చట్టం వరకే. డిస్పెన్సరీకి కుదరదు. ఆ అడ్డంకి ఊరికే పెట్టలేదు బాబాయ్. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటుంది. కీమోతో రోగనిరోధక శక్తి పోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకం. ల్యాబుల్లో దాన్ని తప్పకుండా వెతుకుతారు. నీ సీసాలో అది లేదని ఎలా చెప్తావు?

బాబాయి: ల్యాబుకిచ్చి చూపిస్తాను! రోగి తెచ్చిన శాంపిలును ల్యాబు పరీక్ష చేయొచ్చని చట్టంలోనే ఉంది.

అమ్మాయి: ఉంది. ఆ రిపోర్టు మీద సరుకు ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదనీ అక్కడే ఉంది.

బాబాయి: మరి ఆ ఒక్క వాక్యం మార్చమను! ఆరు మొక్కలకు మించని రోగి, పరీక్షలో పాసైన సరుకు, ఉచితంగా మాత్రమే. ఇప్పుడున్న దానం చట్టంలోనే ఇంకో గుమ్మం తెరవమను.

అమ్మాయి: ఆ గుమ్మంలోంచి కొండల్లో దొంగసాగు సరుకంతా రోగుల పేర్లతో వచ్చిపడుతుంది. ఇదివరకు జరిగింది కూడా.

బాబాయి: ఇంటికి ఆరు మొక్కలే అన్నాక ఎంత వస్తుందమ్మా? ఏడాదికి ఇన్ని ఔన్సులని కట్టేయమను. దొంగసాగు పేరు చెప్పి రోగి చెయ్యి కట్టేయడమేంటి?

అమ్మాయి: అడ్రసుకి ఔన్సుల లెక్క కట్టి, ట్యాగు ల్యాబే వేస్తే... ఒప్పుకుంటాను. అది నిలబడుతుంది. కానీ చట్టం వచ్చేదాకా సీసాలు గడప దాటకూడదు. 28.5 గ్రాములకు మించింది ఇంట్లోనే తాళంలో ఉండాలి. పౌరసత్వం అప్లికేషను ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలువు, నేను కాదు.

బాబాయి: ఇవ్వనులే. కానీ మన అసెంబ్లీ మెంబరుకు ఉత్తరం రాస్తాను. ఈ రాత్రికే.

అమ్మాయి: రాయి, సంతకం నేను పెడతాను. నీ పేరు వద్దు, మొక్కల సంగతీ వద్దు. ల్యాబు రిపోర్టు విషయం మొదటి పేరాలోనే పెట్టు.