చేపల పెంట పగడాలకు ఎరువు కాదు

మన బరంపురం తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "నార్వేలో సముద్రంలోనే వలలు కట్టి చేపలు పెంచుతున్నారు. ఆ చలికి పగడాలు బతకవు. బతికినా చేపల పెంట వాటికి ఎరువే. మిగిలింది సముద్రమే కడిగేస్తుంది. గోపాల్‌పూర్‌లోనూ పెంచుకోవచ్చు." మొదటి మాట నిజం. తర్వాతివేవీ నిలవవు.

చలికి పగడాలు బతకవనడం పచ్చి అబద్ధం. నార్వే తీరంలో 300–400 మీటర్ల లోతున రోస్ట్ అనే పగడాల దిబ్బ ఉంది. 2002లో బయటపడింది, పొడవు దాదాపు 40 కిలోమీటర్లు. దాన్ని కట్టిన లోఫీలియా పగడానికి ఎండ అక్కర్లేదు.

ఎరువు మాటే ఎక్కువమందిని నమ్మించింది. ఎరువు మొక్కకు వేస్తాం, పగడం జంతువు. ఎండ తగిలే పగడాల ఒంట్లో నాచులాంటి జీవులైనా ఉంటాయి, లోఫీలియాలో అవీ లేవు. ప్రవాహంలో కొట్టుకొచ్చే చిన్న జీవుల్ని, తునకల్ని పట్టుకుని తింటుంది. అలాగైతే పెంటా తింటుందిగా అంటారు. కొంత తినొచ్చు. కానీ మీద పడిందంతా తిండి కాదు. పేరుకున్నదాన్ని వదిలించుకోవడానికి అది జిగురు విడుస్తుంది, దానికి ఒంట్లో శక్తి ఖర్చవుతుంది. పూర్తిగా కప్పేస్తే ఆ భాగం చచ్చిపోతుంది. ఏడాదికి మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు పెరిగే ప్రాణి అది. కొన్ని దిబ్బల వయసు 8,000 ఏళ్లు దాటింది.

రొయ్యల చెరువులు చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడితే అడుగున నల్లబురద, కుళ్లిన గుడ్ల కంపు. మిగిలిన మేతా రొయ్యల పెంటా అడుగుకు చేరి, అక్కడి ఆక్సిజన్ అయిపోయాక కుళ్లితే వచ్చే వాసన అది. చెరువులో అయితే ఆ బురద ఎత్తిపోస్తాం. సముద్రంలో వల కింద ఎత్తే మనిషి ఉండడు.

ఇక సముద్రం కడిగేయడం. మేత గుళికలు, పెంట బరువుకి దిగిపోతాయి. ఎక్కువ భాగం వల కిందా, ఆ చుట్టుపక్కలే పడుతుంది. ప్రవాహం గట్టిగా ఉంటే పలచబడి దూరం పోతుంది, నిజమే. అందుకే పెంపకందార్లు అలాంటి చోట్లు వెతుకుతారు. తిండి బాగా అందుతుందని పగడం పెరిగేదీ గట్టి ప్రవాహం ఉన్నచోటే. ఇద్దరూ కోరుకునేది ఒకే చోటు, పగడం మాత్రం లేచి పక్కకు పోలేదు.

గోపాల్‌పూర్ దగ్గర ఈ పగడాలున్నాయని నేననడం లేదు. మనకు రుషికుల్య మొగలో తాబేళ్లున్నాయి, చిల్కా ఉంది. చిల్కాకు 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వలలు కట్టాలనేవాళ్లు ముందు వాటి కింద ఏముందో చూపించాలి. ప్రవాహం కొలవాలి, అదీ ఒక్క నెల కాదు. మన తీరం వెంట అది వేసవి మొదట్లో ఉత్తరానికి, వానలు వెనకపట్టాక దక్షిణానికి పోతుంది.