రేడియాలజీకి ముందస్తు సంతాపం

బెంగళూరు మారతహళ్ళి అపార్ట్‌మెంట్లలో మన తెలుగు సాఫ్ట్‌వేర్ సోదరులు ఆదివారం పూట ఇడ్లీలు తింటూ ఏదో ఒక వృత్తిని చంపుతుంటారు. ఈ వారం వంతు రేడియాలజీది, అంటే ఎక్స్‌రేలు, స్కాన్లు చదివి జబ్బు చెప్పే డాక్టరీది. నీట్ పీజీలో మంచి ర్యాంకు తెచ్చుకున్న పక్క ఫ్లాట్ అమ్మాయిని పిలిచి మరీ చెప్పారు: "రేడియాలజీ మాత్రం తీసుకోకమ్మా, ఏఐ తినేస్తుంది." ఆ అమ్మాయి సలహా అడగలేదు. అడిగితేనే ఇవ్వడానికి మనమేమైనా పరాయివాళ్లమా?

దీనికి పెద్దల ఆశీస్సులూ ఉన్నాయి. రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే ఆపేయాలని 2016లో, ఏఐ పితామహుల్లో ఒకరని పేరున్న జెఫ్రీ హింటన్ గారు సెలవిచ్చారు. ఐదేళ్లు, మహా అయితే పదేళ్లన్నారు. 2024లో ఆయనకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మనకు స్కాన్ రిపోర్టు మాత్రం ఇంకా సాయంత్రమే వస్తోంది.

యంత్రానికి ఏమీ రాదని నేననను. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ జాడ పట్టడానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడొచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కాకపోతే 2018లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. న్యుమోనియా పట్టాల్సిన ప్రోగ్రాం, ఎక్స్‌రే మూలన టెక్నీషియన్ పెట్టే లోహపు గుర్తును కూడా చూసి, ఇది ఫలానా ఆసుపత్రి అని పసిగట్టి, జబ్బును దాన్ని బట్టి కూడా ఊహించేస్తోందట. ఊపిరితిత్తులకన్నా అదే తేలిక కదా!

సరే, మనుషుల్ని తీసేశాం అనుకుందాం. హిందూపురం నుంచి మోకాలి ఎమ్మారైకి అవ్వ వచ్చింది. గోడలోంచి గొంతు: "దయచేసి లోహ వస్తువులన్నీ తొలగించండి."

"లోహమంటే ఏంది నాయనా?"

"లోహ వస్తువులు ఉన్నాయా?"

"నా దగ్గర యాడుండాయి, ఏం లేవు."

"ధన్యవాదాలు. లోపలికి రండి."

కొంగుకొక పిన్నీసు, జాకెట్టుకు రెండు, తాళికి గుత్తిగా అరడజను, రొంటిలో చిల్లర. స్కాన్ నడిచినా నడవకపోయినా ఎమ్మారై అయస్కాంతం పని చేస్తూనే ఉంటుంది. దాని ముందు పిన్నీసు తూటాయే. అందుకే టెక్నీషియన్ పిల్ల "పిన్నీసులున్నాయా" అని అడగదు. "అవ్వా, తాళికెన్ని ఉన్నాయి?" అంటుంది. తాళి తీయనని అవ్వ మొరాయిస్తే పసుపుతాడు వెతికి కడుతుంది. లోపలికి పోయాక అవ్వ "అమ్మీ, ఉండావా?" అని అరిస్తే మైకులో "ఉన్నానవ్వా, కదలొద్దు" అంటుంది. ఇది ఏ డేటాసెట్‌లో ఉందో సోదరులు సెలవివ్వాలి.

ఆ పిల్ల జీతం పెంచమని అడిగితే ఓనరు ఏమన్నాడో తెలుసా? "ఏఐ వస్తోంది కదమ్మా, చూద్దాం." సిగ్గుండాలి! ఏఐ ఇంకా ఆ పిల్ల కుర్చీ దాకా రాలేదు, జీతం మీద మాత్రం అప్పుడే కూర్చుంది. రాత్రి డ్యూటీకి ఒక్కతే. పేషెంటును బల్ల మీదికి ఎత్తాలన్నా ఒక్కతే. రేడియాలజిస్టు ఎక్కడో ఇంట్లో కూర్చుని నాలుగు సెంటర్ల స్కాన్లు చదివి సంతకాలు పెడుతుంటాడు. తప్పొస్తే జనం కాలర్ పట్టుకునేది ఆయన్నే. అదే సెంటర్ వాకిట్లో 'ఏఐ స్కాన్' అని మెరిసే బోర్డు, దానికి వేరే రేటు. ఆ బోర్డుకు డబ్బులున్నాయి, రాత్రికి ఇంకో మనిషిని పెట్టడానికి లేవట!