ఒక్కరోజు శిక్షణ గారికి, సీలు విప్పని టాబ్ సాక్షిగా

మహారాజశ్రీ ఒక్కరోజు శిక్షణ గారి దివ్యసముఖానికి,

పాకాల అవతల ఒక పల్లెలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరు నమస్కరించి రాయునది. మాట రాని పిల్లల చేత బొమ్మల సాయంతో మాట్లాడించడం ఎలాగో మా టీచర్లకు నేర్పడానికని వెలిసిన తమరి దర్శనం నిన్న తిరుపతిలో బాగా జరిగింది. కొండమీదా ఇంతే కదా, గంటల తరబడి కూర్చోబెట్టి, తీరా ఎదుటికి వెళ్లాక "జరగండి, జరగండి" అంటారు. తేడా ఏమంటే అక్కడ లడ్డు చేతిలో పెడతారు, తమరు గూగుల్ ఫారం లింకు పెడతారు.

ఆ ఫారంలో "శిక్షణ మీకు ఏ మేరకు ఉపయోగపడింది?" అన్న ప్రశ్నకు చాలా బాగా, బాగా, సంతృప్తికరం అని మూడే జవాబులున్నాయి. నాకు కావలసిన జవాబు వాటిలో లేదు. అందుకే ఈ ఉత్తరం.

పది గంటలకని చెప్పిన జ్యోతి ప్రజ్వలన పదకొండున్నరకు జరగడం గురించి నేనేమీ అనను. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ శాలువా కప్పడం మన సంప్రదాయం. స్లైడు మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చదివి వినిపించడం కూడా ఒక కళే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌ని శిక్షణ ఇచ్చే సార్ కంచుకంఠంతో చదివారు. మాట సరిగా రాని వాళ్ల రోజువారీ అవసరాలకు మాటకు తోడుగా, బదులుగా పనికొచ్చే ప్రత్యామ్నాయ పద్ధతుల వాడకాన్ని ప్రోత్సహించాలని, అందరూ కలిసి చదువుకునే బడి కోసం సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. నిజంగానే ఉంది. తమరు పుట్టిందే ఆ సెక్షన్ పుణ్యాన. కాకపోతే "ఒక్కరోజు" అని అందులో ఎక్కడా లేదు, అది తమరి సొంత తెలివి.

బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు ఉన్నాయనీ చెప్పారు. వాటిలో ఆవాజ్ అనేది తయారైంది మన పక్కనే, చెన్నైలో. ఐఐటీ బాంబే వాళ్ల "జెల్లో" అనే యాప్ ఉచితంగానే దొరుకుతుంది. హాలులో ప్రతి టీచరు చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ ఉంది. ఒక్కరి చేతా డౌన్‌లోడ్ చేయించలేదు. అటెండెన్స్ ఫొటోకి మాత్రం ఆ ఫోన్లే బ్రహ్మాండంగా పనికొచ్చాయి.

సరే, అసలు విషయానికి వస్తాను. డెమో కోసం ఒక పిల్లాణ్ని పిలిపించారు, గుర్తుందా? సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు మాట వినని పరిస్థితి, ఉన్న పిల్లాడు. నేను చదువు చెప్పే సెంటర్ పిల్లాడే. మాట రాదు గానీ వాడికి అన్నీ తెలుసు, ఎవరు నిజంగా నవ్వుతున్నారో ఎవరు నటిస్తున్నారో కూడా. వాళ్లమ్మ కూలి మానుకుని, చంకనెత్తుకుని, రెండు బస్సులు మారి తీసుకొచ్చింది. పొద్దున్నుంచి వెనక వరసలో కూర్చోబెట్టారు. మూడు దాటాక వేదిక మీదికి పిలిచి టాబ్ పెట్టెను వాడి ఒళ్లో పెట్టారు. టాబ్ కాదు, పెట్టె. పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

పెట్టె మూత మీద టాబ్ ఫొటో అచ్చువేసి ఉంది, తెర నిండా రంగురంగుల గుర్తులతో. మావాడు కాసేపు దాన్నే చూశాడు. కుడిచెయ్యి వాడి మాట అంత తేలిగ్గా వినదు. ముందు భుజం లేవాలి, మెడ పక్కకు తిరగాలి, అప్పుడు గానీ వేలు ముందుకు రాదు. అలాగే మెల్లగా తెచ్చి, ముడుచుకుపోయిన చూపుడువేలి కణుపుతో ఆ ఫొటో మీద నొక్కాడు. కవరు చిటపటమంది. తలెత్తి సార్ వైపు చూశాడు. మళ్లీ నొక్కాడు. సెంటర్లో నా ఫోను నొక్కితే మాట వస్తుంది మరి, ఇదెందుకు పలకదు? సార్ వాడి చెయ్యి పక్కకు తీసి, పెట్టెను కెమెరా వైపు తిప్పి, "ఇటు చూడు నాన్నా, నవ్వు" అన్నారు. ఫొటో అయింది. చప్పట్లు కొట్టారు. పెట్టె తిరిగి బల్లమీదికి పోయింది. "స్టాక్ రిజిస్టర్లో ఎక్కించాక పంపిస్తాం" అన్నారు.

"మేడం, అది మళ్లీ ఎప్పుడిస్తారంట?" అని అడిగింది వాళ్లమ్మ.

రిజిస్టర్లో ఎక్కాక అది ఎక్కడికి పోతుందో మాకు తెలియదా? బీరువాలోకి పోతుంది. పాడైతే జీతంలోంచి రికవరీ అన్నారుగా, ఆ స్లైడు ఒక్కటే అందరూ ఫొటో తీసుకున్నారు. ఇక ఎవడు బయటికి తీస్తాడు? ఛార్జింగ్ లేక బ్యాటరీ చస్తుంది. ఆయుధపూజకు బయటికి తీసి బొట్టు పెడతారు, తనిఖీకి ఒకసారి తుడుస్తారు.

ఇక తమరూ గారూ అనడం నా వల్ల కాదు. చూడు శిక్షణా, దాని మెమరీ ఎంతో, వారంటీ ఎన్నాళ్లో అన్నీ చెప్పావు. ముందు టీచరే మాట్లాడుతూ ఆ బొమ్మలు నొక్కి చూపించాలని చెప్పావా? ఏ బిడ్డయినా నెలల తరబడి ఇంట్లోవాళ్ల మాటలు విన్నాకే మొదటి మాట అంటుంది. బొమ్మలతో మాట్లాడాల్సిన పిల్లాడికి, అలా మాట్లాడే మనిషి ఒక్కరైనా కంటికి కనపడాలా వద్దా? టాబ్ చేతికిచ్చి "ఊఁ, చెప్పు" అంటే వాడేం చెబుతాడు? అడిగాక పది లెక్కపెట్టేదాకా ఆగమని చెప్పావా? రెండు కూడా లెక్కపెట్టం మనం. జవాబు మనమే చెప్పేసి "వెరీ గుడ్" అనేస్తాం. బొమ్మలు అలవాటైతే వచ్చే మాట కూడా రాకుండా పోతుందేమోనని ప్రతి తల్లికీ టెన్షనే. అలా జరగదనీ, కొందరికి మాట పెరుగుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ఒక్క ముక్క మైకులో చెప్పడానికి నీకు టైము లేకపోయింది, శాలువాలకు ఉంది.

పంచిపెట్టిన నమూనా బొమ్మల చార్టు చూశాను. నీళ్లు, అన్నం, బాత్రూం, గుడ్ మార్నింగ్ టీచర్, థాంక్యూ. "వద్దు" లేదు. "ఇంకా" లేదు, "ఆపండి" లేదు, "నొప్పి" లేదు. మనిషి రోజంతా మాట్లాడేదాంట్లో ఎక్కువ భాగం ఇలాంటి కొద్దిపాటి చిన్న మాటలేనన్నది ఈ పనిలో మొదటి పాఠం. గుడ్ మార్నింగ్ చెప్పకపోతే ఎవరి కొంపా మునగదు. నడకకు ఆసరాగా కాలికి కట్టే కాలిపర్ బిగుతై కాలు ఒరుసుకుపోతుంటే చెప్పుకోలేకపోతే పుండు పడుతుంది. (తెలుగు యాప్‌లో బొమ్మలు వరసగా నొక్కితే "నేను నీళ్లు తాగు" అని పలుకుతుంది, దాన్నేం చేయాలన్నది ఇంకో పెద్ద కథ, వదిలేద్దాం.)

భోజనం మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. గుత్తివంకాయ అదిరింది. నీకు మంచి అవకాశం పోయిందీ అక్కడే. వచ్చేసారి క్లాసు ఆ లైన్లోనే పెట్టు. అందరికీ తలా ఒక బొమ్మల చార్టు ఇచ్చి, నోరు విప్పితే అన్నం లేదను. సాంబారు వద్దు, రసం పొయ్యండి, వంకాయ ఇంకొంచెం అని వేలితో చెప్పుకోమను. వడ్డించేవాడు చార్టు వంక చూడనైనా చూడకుండా గరిటె తిప్పేస్తాడు. వెనకవాళ్లు తోస్తారు. అక్కర్లేని సాంబారు అన్నంలో పడుతుంది. సర్వీసంతా మైకు ముందే గడిపిన పెద్దసార్ ఒకరు ఆకలితో, కోపంతో చార్టు విసిరికొడతారు. అప్పుడు మైకు తీసుకుని చెప్పు, మన క్లాసులో పిల్లాడు చార్టు విసిరితే రికార్డులో "ప్రవర్తన సమస్య" అని రాస్తున్నామని.

దీనికి టాబ్ కూడా అక్కర్లేదు. అట్ట, బొమ్మలు, లామినేషన్ చాలు, ఏ జిరాక్స్ షాపులోనైనా అయిపోతుంది. పెద్ద హాలూ వద్దు. నెలకోసారి మా సెంటర్‌కి రా, పిల్లలున్న టైములో రా. నేలమీద కూర్చో, మావాడితో ఒక గంట గడుపు, నేను తప్పు చేస్తుంటే అక్కడే చెప్పు. అన్నం మేం పెడతాం, రాగి సంగటి.

రాలేనంటావా, సరే. ఆ టాబ్ ఎప్పుడిస్తారో మాత్రం వాళ్లమ్మకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నంబరు నీ రిజిస్టర్లో రెండు చోట్ల రాయించుకున్నావు.

ఇట్లు,
ఒక స్పెషల్ టీచరు